ఇరవై దగ్గర ఆగిపోయిన చక్రం

పోయినవారం మనం మారిట్‌ని బక్కెన్ వారి వాగు ఒడ్డున, ముక్కుకు మఫ్లరు అడ్డం పెట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. ఆమె కాళ్ళ ముందు, సగం నీళ్ళలో సగం బురదలో, పది కొమ్మల కొమ్ములున్న మగజింక ఒకటి చచ్చి పడి ఉంది. పొట్ట ఉబ్బి పగిలింది. బాణం దూసుకుపోయిన చోటు గుండె దగ్గర కాదు, ఊపిరితిత్తుల దగ్గర కాదు, కింద పేగుల దగ్గర. అక్కడ తగిలిన జంతువు వెంటనే చావదు. కడుపులో మంట పుట్టి నీళ్ళకోసం దేకుతుంది. పన్నెండు గంటలో, ఇంకా ఎక్కువో. ఒడ్డు పొడుగునా అది తన్నుకున్న గుర్తులున్నాయి. బాణం మాత్రం ఎక్కడా లేదు.

విస్కాన్సిన్‌లోని నార్‌లండ్ లాంటి చిన్న ఊళ్ళో ఇలాంటి కబురు దాగదు. ఆ కొండవాలు ఇంగా బక్కెన్‌ది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. ఊరి విలుకాళ్ళ సంఘానికి తన నేల మీద వేటకు అనుమతి ఇచ్చినప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే: కొట్టినదాన్ని వెతకాలి, దొరికేదాకా వెతకాలి. ఆ వారం ఎవరు వెళ్ళారో చూద్దామని సంఘం వాళ్ళు, వేటకు పోయేవాళ్ళు తమ పేరు బిళ్ళ తగిలించే పలక దగ్గరికి పోతే, బక్కెన్ నేల కొక్కేనికి ఒకే ఒక్క బిళ్ళ వేలాడుతోంది. దాని మీద పేరు నెంగ్ వూ. అంతే, ఊరు తీర్పు చెప్పేసింది.

ఇక చదవండి.

శనివారం పొద్దున మారిట్ తన విల్లుల దుకాణం తెరిచింది. మూడు రోజులైనా ఆ కంపు మఫ్లరును వదల్లేదు. రెండుసార్లు ఉతికి, చివరికి చెత్తబుట్టలో పడేసింది. పదహారేళ్ళుగా ఈ ఊళ్ళో విల్లులు అమ్ముతోంది, బాగు చేస్తోంది. తను కూడా ఏటా ఒక జింకను కొట్టి చలికాలమంతా తింటుంది. చావు ఆమెకు కొత్త కాదు. ఆ చావు కొత్త.

కాఫీ కుండ దగ్గర కూర్చున్న డెల్మర్‌కి అవేవీ పట్టలేదు. రిటైరైన పాల లారీ డ్రైవరు, ఏమీ కొనడు, రోజూ వస్తాడు.

"విల్లుకి అయిదు గురి పిన్నులు పెట్టుకుంటే అంతేనమ్మాయ్. ఎదురుగా జింక, చేతిలో విల్లు, కంటి ముందు పచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు. టపాసుల కొట్టులో నిలబడ్డట్టుంటుంది. ఏ చుక్కతో గురి చూడాలో తేలేలోపు చెయ్యి జారుతుంది. వాళ్ళకి ఓపికెక్కడిది?"

"ఎవళ్ళకి, డెల్మర్?"

"అదే, వాళ్ళకి."

"కాఫీ అయిపోయింది. లే."

"కుండ సగం ఉందిగా!"

"నీకు అయిపోయింది."

డెల్మర్ గొణుక్కుంటూ తలుపు దగ్గరికి వెళ్ళేసరికి, బయటి నుంచి నెంగ్ వూ తలుపు తోశాడు. ఇద్దరూ ఎదురుపడ్డారు. నెంగ్ పక్కకు తప్పుకుని దారిచ్చాడు. డెల్మర్ తల కూడా ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

నెంగ్‌కి యాభై రెండేళ్ళు. వెల్డింగు పనిచేసే చేతులు. లావోస్ యుద్ధం ముగిశాక తల్లి వీపు మీద మెకాంగ్ నది దాటి, శిబిరాల్లో పెరిగి, నాలుగేళ్ళప్పుడు ఈ దేశం వచ్చాడు. సంఘంలో చేరి పదకొండేళ్ళు. ఈ దుకాణంలో ఆయన గొంతు పెద్దదిగా ఎవరూ విన్నది లేదు.

"మారిట్, మీ దగ్గర ఒంటి పిన్ను చట్రం ఉందా? విల్లుకి బిగించేది."

"ఉంది. అయినా మీకెందుకు? మీ అయిదు పిన్నులతో ఇరవై నుంచి అరవై గజాల దాకా నాణెం మీద కొడతారు మీరు."

ఆయన జేబులోంచి ఒక ఉత్తరం తీసి బల్ల మీద పరిచాడు. సంఘం అధ్యక్షుడు వెర్లిన్ రాసింది. ఇంగా బక్కెన్ కొడుకే వెర్లిన్. ఉత్తరం కింద నాలుగు సంతకాలు. మారిట్ చదివింది. 'అయిదు పిన్నులలో సరైనదాన్ని ఎంచుకోలేక జంతువును గాయపరచి, వెతకకుండా వదిలివేసినందున' నెంగ్ వూని బక్కెన్ నేల నుంచి తప్పిస్తున్నారు. ఆదివారం చర్చి అయ్యాక సమావేశంలో ఆయన తన బిళ్ళ తిరిగి ఇచ్చెయ్యాలి. 'సులువైన పరికరం' వాడటం నేర్చుకుంటే వచ్చే ఏడాది ఆలోచిస్తారు.

సంతకాల్లో మూడోది ఆమె మొగుడిది. గేలెన్. మొదటి అక్షరం పక్కన తోక తీసి రాసే అలవాటు అతనిది.

"ఇది రాసినవాళ్ళకి సిగ్గు లేదు," అంది మారిట్.

"ఉందో లేదో తర్వాత. నిజం చెప్పండి. నాకు ఒంటి పిన్ను నప్పుతుందా?"

మారిట్ గోడకున్న రెండు చట్రాలు దించింది. ఒకదాన్లో ఒకదాని కింద ఒకటిగా అయిదు సన్నని పిన్నులు. ఒక్కోదాని కొసన మెరిసే చుక్క. పై చుక్క ఇరవై గజాలకు, దాని కిందది ముప్పైకి, అలా దిగుతూ పోతాయి. రెండోదాన్లో నడిమధ్య ఒకే పిన్ను, పక్కన ఒక చక్రం. జింక ఎంత దూరంలో ఉంటే చక్రాన్ని అంత అంకె మీదికి తిప్పాలి. అప్పుడే ఆ పిన్ను నిజం చెబుతుంది.

"ఒంటి పిన్ను అయితే కంటికి అడ్డేమీ ఉండదు. జింక మొత్తం కనిపిస్తుంది. చత్వారం వచ్చినవాళ్ళకి, చుక్కలు అలుక్కుపోయేవాళ్ళకి అదే మేలు. కానీ చక్రం తిప్పడానికి తీరిక కావాలి. జింక నడుస్తూ వస్తే, పోతుంటే, తిప్పేలోపు దాటిపోతుంది. తిప్పడం మరిచిపోతే అది పక్కా అబద్ధం చెబుతుంది. అయిదు పిన్నులైతే గజిబిజిగా ఉంటాయి నిజమే, ఏ పిన్నో బుర్రలో ఉండాలి. కానీ మరిచిపోవడానికి ఏమీ ఉండదు, అన్ని దూరాలూ కంటి ముందే. మీరు నడిచి వేటాడతారు. మీ కళ్ళకి ఏ జబ్బూ లేదు. మీ అయిదూ మీకుండనివ్వండి."

"అదే అనుకున్నాను," అన్నాడు నెంగ్. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళలేదు. కోటు లోపలి నుంచి పాత తువ్వాల్లో చుట్టిన పొడుగాటి వస్తువొకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"సమావేశంలో చూపిద్దామనుకున్నాను. తర్వాత ముందు మీకు చూపించడం న్యాయం అనిపించింది."

తువ్వాలు విప్పగానే ఆ కంపు లేచింది. బాణం. మొదలు నుంచి ములికి దాకా ఎండిపోయిన పచ్చటి జిగురు పట్టి ఉంది. పేగుల్లోంచి దూసుకొచ్చిన బాణానికి పట్టే జిగురు అది, రక్తం కాదు. మారిట్ వెనక్కి తగ్గి, మళ్ళీ ముందుకు వంగింది.

"ఎక్కడ దొరికింది?"

"ఉత్తరం వైపు మంచె ఉంది చూడండి, ఓక్ చెట్టు మీద. దాని వెనక కూలిన మాను తొర్రలో. పడిపోయింది కాదు. లోపలికి తోసి, మీద ఆకులు కప్పారు. మూడు రోజులు మోకాళ్ళ మీద పాకాను. నా పేరు కడుక్కోవాలి కదా. రక్తం చుక్కలు మొదలైన చోటు నుంచి మంచె దాకా కొలిచాను. ముప్పై నాలుగు గజాలు."

మారిట్ ఆ కొలత వినడం లేదు. బాణం తోకన మూడు ప్లాస్టిక్ ఈకలు: రెండు తెల్లవి, ఒకటి పచ్చ. ఈకల ముందు సన్నటి ఊదారంగు దారం ఏడు చుట్లు. ఆ దారం దుకాణంలో అమ్మే బాణాలకు ఉండదు. ఇంట్లోవాళ్ళకి చేసేవాటికే చుడుతుంది తను. పెళ్ళిరోజుకి ఒక డజను చేసి ఇచ్చింది.

"మీ చేతి పని నాకు తెలుసు," అన్నాడు నెంగ్ మెల్లగా. "మీ పెళ్ళిరోజున గేలెన్ సంఘంలో అందరికీ చూపించాడు."

"మీరు నేరుగా వెర్లిన్‌కి ఇచ్చి ఉండాల్సింది."

"ఇస్తే ఏమంటాడు? దొంగిలించి తొర్రలో పెట్టానంటాడు. నలభై ఎనిమిదేళ్ళైంది ఈ ఊరికొచ్చి, ఇంకా 'మీవాళ్ళు' అనే అంటారు. మీరు చెప్తే వేరు." టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "చెప్పమని అడగడానికి రాలేదు. మీ ఇంటి సంగతి మీకు తెలియకుండా పదిమందిలో బయటపడటం బాగుండదని వచ్చాను."

ఆయన వెళ్ళాక మారిట్ దుకాణం మూసి, బాణం తీసుకుని ఇంటికి బయల్దేరింది.

*

గేలెన్ ఇంటి షెడ్డులో సాసేజీలు కూరుతున్నాడు. పోయినేడాది మాంసం, మిరియాలు, వెల్లుల్లి. మోచేతుల దాకా మాంసం. రేడియోలో ఎవరో పాడుతుంటే తనూ అందుకుంటున్నాడు.

"వచ్చావా? ఆ ఉప్పు ఇటివ్వు. దుకాణం మూసేశావేంటి ఇంత పెందరాళే?"

మారిట్ బాణాన్ని సాసేజీల పళ్ళెం పక్కన పెట్టింది.

పాట ఆగిపోయింది. గేలెన్ బాణం వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, ఆఖర్న ఆమె వైపు చూశాడు.

"ఎవరిదది?"

"దారం లెక్కపెట్టు. ఏడు చుట్లు."

"నా బాణాలు ట్రక్కులోంచి ఎవడో కొట్టేసి ఉంటాడు. మొన్నే అనుకున్నాను, రెండు తక్కువయ్యాయని..."

"గేలెన్."

ఆ ఒక్క పిలుపుకే అతను స్టూలు మీద కూలబడ్డాడు. చేతులకున్న మాంసం తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"చక్రం ఎంత మీద ఉంది?"

"... ఇరవై."

"జింక?"

"ముప్పైకి పైనే ఉంటుంది. నాకు తెలీలేదు మారిట్! ముందురోజు పెరట్లో ఇరవై గజాల మీద సాధన చేశాను. చక్రం అక్కడే ఉండిపోయింది. నువ్వు ఆ కొమ్ములు చూసి ఉండాల్సింది. పొదల్లోంచి అలా వచ్చి నిలబడింది. పిన్ను దాని భుజం వెనకాల పెట్టాను, ఆ పిన్ను ఎంత కుదురుగా ఉందనుకున్నావ్! వదిలాను. జానెడు కిందికి పోయింది. అదే క్షణంలో అది ఒక అడుగు ముందుకేసింది. నా దురదృష్టం."

"దురదృష్టం జింకది. తర్వాత?"

"దిగాను."

"బాణం తీశావా?"

"తీశాను."

"వాసన చూశావా?"

గేలెన్ చెయ్యి చాచి రేడియో కట్టేశాడు.

"నేను నీకు నేర్పిన మొదటి పాఠం అది. బాణాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూడమని. చూశావా లేదా?"

"చూశాను."

"అంటే నీకు తెలుసు. పేగులకు తగిలిందని తెలుసు. తెల్లారేదాకా అది చావదని తెలుసు. నీళ్ళ దగ్గరికే పోతుందని కూడా తెలుసు. వాగు అక్కణ్ణుంచి ఎంత దూరం? మూడొందల గజాలు లేదు. నువ్వు బాణాన్ని తొర్రలో కుక్కి, ఆకులు కప్పి, ఇంటికొచ్చావు. ఆ సాయంత్రం నేను బంగాళాదుంపలూ కైమా బేక్ చేశాను. రెండుసార్లు పెట్టించుకున్నావు. చేతులు కడుక్కుంటూ, సబ్బు అయిపోయింది తెచ్చి పెట్టవేంటని నా మీద అరిచావు."

ఆ సబ్బు ఎందుకు అయిపోయిందో మారిట్‌కి ఇప్పుడు అర్థమైంది. అవే చేతులతో ఆమెకు రొట్టె విరిచి పెట్టాడు.

"అయినా నువ్వేగా పెట్టింది నా విల్లుకి ఈ ఒంటి పిన్ను!" గేలెన్ గొంతు పెంచాడు. "పాత అయిదు పిన్నులే ఉంటే ముప్పై పిన్ను కళ్ళ ముందే ఉండేది. ఇది జరిగేదే కాదు. ఒప్పుకో!"

మారిట్ ఒక్క క్షణం ఆగింది. అది అబద్ధం కాదు. ఆగస్టులో అతనే వచ్చి, కళ్ళజోడు లేకపోతే చుక్కలన్నీ అలుక్కుపోతున్నాయి అన్నాడు. తనే చట్రం మార్చింది. మారుస్తూ, మంచె ఎక్కేముందు చక్రం ఇరవై అయిదు మీద పెట్టు, అంతకంటే దూరమైతే తిప్పు, తిప్పే తీరిక లేకపోతే వదలకు అని మూడుసార్లు చెప్పింది. అయినా అయిదు పిన్నులుంటే ఆ జింక బహుశా నాలుగడుగుల్లోనే పడిపోయి ఉండేది. ఆ నిజాన్ని తెచ్చి అతను చేతులు తుడుచుకునే గుడ్డలా వాడుతుంటే ఆమెకు రోత పుట్టింది.

"ఒప్పుకుంటాను. బాణం తప్పడానికి చక్రం కారణం. సరేనా? ఇప్పుడు ఇది చెప్పు. వెతక్కుండా ఇంటికొచ్చింది చక్రమా? ఆ రోజు పలకకి నీ బిళ్ళ తగిలించకుండా వెళ్ళింది చక్రమా? నెంగ్ మీద రాసిన కాగితం కింద తోక తీసి సంతకం పెట్టింది చక్రమా?"

"నేను రాయలేదు ఆ కాగితం. అందరూ పెడుతుంటే..."

"పదకొండేళ్ళు మనింట్లో భోజనం చేసిన మనిషి. మన బాయిలరు పగిలితే మంచులో వచ్చి వెల్డింగు చేసి పోయాడు. కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు."

"నీకన్నీ తెలీవు, మారిట్." గేలెన్ ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు.

"రేపు చర్చి అయ్యాక నువ్వే లేచి చెప్పాలి."

"అంతమందిలోనా? నా పరువేం కాను?"

"నీ పరువు వాగు ఒడ్డున ఉబ్బిపోయి పడుంది. వెళ్ళి తెచ్చుకో."

ఆమె బాణం తీసుకుని బయటికి వచ్చేసింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ వంట చెయ్యలేదు.

*

ఆదివారం చర్చి కింది హాల్లో మడత కుర్చీలు వేశారు. పెద్ద పాత్రలో కాఫీ కాగుతోంది. ఆడవాళ్ళు తెచ్చిన నిమ్మకాయ బిస్కట్లు పళ్ళేల్లో ఉన్నాయి. నలభైమంది దాకా వచ్చారు. ముందు వరసలో ఇంగా బక్కెన్, ఆకుపచ్చ కోటు, మోకాళ్ళ మధ్య చేతికర్ర. బల్ల వెనక ఆమె కొడుకు వెర్లిన్, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. యాభై దాటినా అమ్మ ముందు కూర్చునేసరికి బడిలో పిల్లాడిలా వెన్ను నిటారుగా పెడతాడు.

మారిట్ మూడో వరసలో కూర్చుంది. గేలెన్ పక్కనే. పొద్దుటి నుంచీ అతను ఒక్క మాట మాట్లాడలేదు.

వెర్లిన్ ఉత్తరం చదివాడు. మొదటి నుంచి చివరిదాకా, ఏ మాటా మింగకుండా.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

మారిట్ తల తిప్పి మొగుణ్ణి చూసింది. గేలెన్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

"లేదన్నమాట. నెంగ్, నీ బిళ్ళ తెచ్చి ఇక్కడ పెట్టు. ఇందులో నీ మీద కోపమేమీ లేదయ్యా. మీవాళ్ళ పద్ధతి వేరు, మా పద్ధతి వేరు. నేర్చుకుంటావు."

నెంగ్ వెనక వరసలోంచి లేచాడు. కుర్చీల మధ్య నడిచి వచ్చి, జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని బల్ల అంచుకి తిన్నగా సర్దాడు. అది చూసే మారిట్‌కి ఓపిక చచ్చిపోయింది. పక్కన కూర్చున్న మనిషి మోకాలు ఆమె మోకాలికి తగులుతోంది. ఆమె తన కాలు వెనక్కి లాక్కుని లేచి నిలబడింది.

"ఆ బిళ్ళ వెనక్కి తీసుకోండి, నెంగ్."

బల్ల దగ్గరికి వెళ్ళి తువ్వాలు విప్పింది. ముందు వరసలో ఇద్దరు ముక్కు మూసుకున్నారు. బిస్కట్ల పళ్ళెం ఎవరో పక్కకు జరిపారు.

"ఉత్తరం మంచె వెనక తొర్రలో దాచి ఉంటే నెంగ్ వెతికి తీశారు. ఈ దారం నేను చుట్టింది. ఇది నా ఇంటి బాణం. నెంగ్‌వి నల్ల ఈకలు, మీకందరికీ తెలుసు. ఆ జింకను కొట్టింది నెంగ్ కాదు, నా మొగుడు."

హాలంతా ఒక్కసారి గేలెన్ వైపు తిరిగింది. ఇంక అతనికి లేవక తప్పలేదు.

"అవును, నేనే," అన్నాడు. వెనకవాళ్ళకి వినపడలేదు. మళ్ళీ చెప్పాడు: "నేనే. ఒంటి పిన్ను చక్రం ఇరవై మీద ఉండిపోయింది. జింక ముప్పై నాలుగులో ఉంది."

తర్వాత జరిగింది మారిట్ ఊహించనిది.

"అదిగో, నేను చెప్పలా?" అన్నాడు వెనక నుంచి డెల్మర్. నిన్న అయిదు పిన్నుల్ని తిట్టినవాడే. "ఒంటి పిన్ను దిక్కుమాలినది! చక్రం తిప్పుతూ కూర్చుంటే జింక ఆగుతుందా?"

"నీ మొహం! తిప్పడం మర్చిపోతే పిన్నేం చేస్తుంది? నేను ఆరేళ్ళ నుంచి వాడుతున్నా."

"మూడు పిన్నులుంటే చాలయ్యా, ఒకటీ వద్దు అయిదూ వద్దు."

"చక్రాన్ని ఇరవై అయిదు మీద వదిలెయ్యాలి గేలెన్, ఇరవై మీద ఎవడైనా వదులుతాడా?"

"ఈ సారి నాదొకటి చూపిస్తా, పైన ఒకటి స్థిరంగా ఉంటుంది, కింద ఒకటి కదులుతుంది..."

హాలు మొత్తానికి ఊపిరొచ్చింది. మొహాలు తేటపడ్డాయి. కుర్చీలు దగ్గరికి జరిగాయి. చేతులు గాల్లో గజాలు కొలుస్తున్నాయి. ఒకడు లేచి వెళ్ళి కాఫీ పోసుకున్నాడు. బల్ల మీద ఆ బాణం కంపు కొడుతూనే ఉంది. దాని పక్కనే నెంగ్ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఆయనకి ఒక్కడు కూడా క్షమించమని చెప్పలేదు. ఆయన వైపు చూడలేదు కూడా. ఒంటి పిన్నా, అయిదు పిన్నులా అని తేల్చుకోవడంలో ములిగిపోయారు.

వాగు ఒడ్డున పుట్టిన అసహ్యం చచ్చిన జంతువు మీద అనుకుంది మారిట్ ఇన్నాళ్ళూ. అది చాలా చిన్నదని ఇప్పుడు తెలిసింది.

"నోళ్ళు ముయ్యండి!" అంది. ఆమె గొంతు అంత పెద్దదని ఆమెకే తెలీదు. "మీకు అమ్మింది నేను. ఒంటిదీ, అయిదూ, అన్నీ. ఏది మంచిదో మీరు నాకు చెప్పక్కర్లేదు. పిన్నులు ఎన్నైనా ఉండనీ, కొట్టాక వెతుక్కుంటూ పోవడానికి ఉన్నవి రెండు కాళ్ళే. అవి మా ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. ఈ మనిషి మూడు రోజులు మోకాళ్ళ మీద పాకాడు. మీరు ఈయనకి చెప్పాల్సిన మాట ఒకటుంది. అది చెప్పాక పిన్నుల గురించి మాట్లాడుకోండి."

ఇంగా బక్కెన్ చేతికర్ర మీద బరువేసి లేచింది. నెంగ్ ముందుకొచ్చి చెయ్యి అందించబోతే, వద్దని తల ఊపి, ఆ చెయ్యే రెండు చేతులతో పట్టుకుంది.

"నా నేల మీద మీకు అవమానం జరిగింది, బాబూ. నన్ను క్షమించండి." ఇత్తడి బిళ్ళ తీసి ఆయన అరచేతిలో పెట్టింది. తర్వాత గేలెన్ వైపు తిరిగింది. "నువ్వు. మా ఇల్లు ఆ మంచెకి ఎంత దూరం?"

"పొలం దాటితే వస్తుందండీ."

"నా తలుపు ఎందుకు కొట్టలేదు? లాంతరిచ్చేదాన్ని. కుక్కని పంపేదాన్ని. నేనూ వచ్చేదాన్ని. నా మొగుడు బతికుండగా ఎన్ని జింకల్ని అలా వెతకలేదు మేము! నువ్వు చిన్నప్పటి నుంచి నాకు తెలుసు గేలెన్. చేతకానివాడివి అనుకున్నాను గాని, ఇంత మనసు లేనివాడివి అనుకోలేదు."

మొగుణ్ణి నలభైమంది ముందు నిలబెట్టినందుకు తనకి జాలి కలుగుతుందేమో అనుకుంది మారిట్. కలగలేదు.

"కొట్టడానికే బయల్దేరానండీ," అన్నాడతను. "దేవుడి సాక్షిగా. బాణం పట్టుకుని మీ గేటు దాకా వచ్చాను. అక్కడ ట్రక్కు ఆగి ఉంది. అందులో ఉన్న మనిషికి అంతా చెప్పాను. కుక్కని తీసుకుని వెతుకుదాం రమ్మన్నాను. వద్దన్నాడు. ఎవరి బిళ్ళ ఉంది పలక మీద అని అడిగాడు. నెంగ్‌ది అన్నాను. అయితే బాణం దాచేసి ఇంటికి పో, మిగతాది నాకు వదిలెయ్, ఇది నాకు పనికొస్తుంది అన్నాడు."

"ఎవరు?" అంది ఇంగా.

గేలెన్ చెయ్యెత్తి బల్ల వెనక కూర్చున్న మనిషిని చూపించాడు.

వెర్లిన్ నుదుటి మీది కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అబద్ధమని అరుస్తాడని అందరూ ఎదురుచూశారు. అతను అరవలేదు.

"వెర్లిన్," అంది తల్లి, "ఇలా చూడు. ఇతను చెప్పింది నిజమేనా? నా నేల మీద నుంచి ఈ మనిషిని వెళ్ళగొట్టి నువ్వు బావుకునేదేంటి?"

"ఈయన ఒక్కడే కాదమ్మా. అందర్నీ ఖాళీ చేయించాలి. ఎవరో ఒకరితో మొదలుపెట్టాలి కదా." వెర్లిన్ లేచి, కోటు గుండీలు పెట్టుకున్నాడు. "ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను, నువ్వు ఇక్కడే అడిగావు. నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చిన వారం నేల కాగితాల మీద నీ చేత సంతకాలు పెట్టించాను, గుర్తుందా? ఆ గేటు ఎవరికి తియ్యాలో, ఎవరికి ముయ్యాలో చెప్పే హక్కు నీకు పోయిన నెల నుంచీ లేదు."